దెబ్బ మనది, రోగం వాళ్లది

మా అత్త కారు కొనాలనుకున్నది ఒక బస్సు కండక్టరు వల్ల. పావగడ బస్‌స్టాండులో ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో మోకాలు మాట వినేదాకా అలాగే నిలబడింది. కండక్టరు కన్నడంలో "బేగ బేగ హత్తమ్మా" అన్నాడు, త్వరగా ఎక్కమని. కోపంగా ఏమీ అనలేదు. వెనక జనం ఉన్నారు కాబట్టి అన్నాడు. మా అత్త పెట్టిన కాలు తీసి మళ్ళీ నేల మీద పెట్టింది. బస్సు వెళ్ళిపోయింది. ఆమె మెల్లగా నడుచుకుంటూ బజారులో ఉన్న మా ఆయన అంగడికి వచ్చి, స్టూలు మీద కూర్చొని, "ఒరేయ్, కారు ఒకటి చూడు" అంది.

మా ఆయనది ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి. వైర్లు, బల్బులు, ఫ్యాన్లు, బోరు మోటార్ల స్టార్టర్లు అమ్ముతాడు. తల్లి టేబుల్ ఫ్యాను అడిగినట్టు కారు అడిగేసరికి చేతిలో ఉన్న స్విచ్‌బోర్డు కింద పెట్టాడు.

"ఎవరికి?"

"నాకే."

"నీకు నడపను రాదు గదమ్మా."

"బస్సు నడపను వచ్చని బస్సు ఎక్కుతాండానా?"

డబ్బు ఆమెదే. మా ఊరు పావగడ తాలూకాలోనే, నాగలమడిక హోబళిలో ఉంది. సోలార్ పార్కు వచ్చినప్పుడు మా భూమి కూడా అందులోకి పోయింది. అమ్మలేదు, కౌలుకిచ్చాం. మా మామ పోయాక భూమి అత్త పేరున ఎక్కింది కాబట్టి ఏటా కౌలు ఆమె ఖాతాలోనే పడుతుంది. ఆ ఒప్పందం కోసమే ఆమె సంతకం నేర్చుకుంది. వేలిముద్ర చాలని ఆఫీసువాళ్ళు చెప్పినా వినలేదు. "వేలు ఎవురైనా పట్టుకొని వేయించుకోవచ్చు. సంతకం అయితే నేనే పెట్టాల" అని, నా చేత బడి నుంచి పలక తెప్పించుకొని కన్నడ అక్షరాలు దిద్దింది. నేను మంగళవాడ దగ్గర సర్కారు బడిలో టీచర్ని. నా దగ్గర దిద్దినవాళ్ళలో ఎక్కువ సతాయించింది ఆమే.

కారు అయితే కరెంటు కారే కావాలంది. మా ఆయన డీజిలు కారు మంచిదని, ఊళ్ళల్లో తిరగడానికి అదే నమ్మకమని చెప్పి చూశాడు.

"సెనక్కాయలు పండినప్పుడు సెనక్కాయ నూనె తింటిమి. రాగులు పండినప్పుడు ముద్ద తింటిమి. ఇప్పుడు మన భూమిలో కరెంటు పండుతాంది. డీజిలు కొని తాగల్లనా?" అంది అత్త.

మన భూమిలో పుట్టిన కరెంటు మనింటికి రాదనీ, అది ఎక్కడికో పోయి, ఇంకెక్కడిదో మనకు వస్తుందనీ, దానికి మళ్ళీ బిల్లు కట్టాలనీ మా ఆయన వివరించాడు.

"రాగులు కూడా మిల్లుకు పోయే వస్తాయి. మిల్లువానికి దుడ్లు ఇయ్యలేదా?" అంది. అంతటితో ఆ చర్చ అయిపోయింది.

తుమకూరు షోరూంలో అమ్మే మనిషి బ్యాటరీకి ఎనిమిదేండ్ల వారంటీ అని చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు చేయి గుండె మీద పెట్టుకున్నాడు. అత్త ఏమేం వస్తాయని అడగలేదు, ఏమేం రావని అడిగింది. "అన్నీ వస్తాయమ్మా, మీరేం టెన్షన్ పెట్టుకోవద్దు" అన్నాడు. వారంటీ పుస్తకం నా చేతికి ఇచ్చాడు. అందులో రానివన్నీ చిన్న అక్షరాల్లో రెండు పేజీలు ఉన్నాయి. నేను అప్పుడు చదవలేదు. తెల్ల కారు, రిబ్బన్లు, అత్త చేతిలో పెద్ద అట్ట తాళంచెవి. అందరం ఫోటోకు నిలబడ్డాం.

కారు బాగా తిరిగింది. నేను పొద్దున పావగడలో మా ఆయనను అంగడి దగ్గర దింపి బడికి వెళ్ళేదాన్ని. ఆదివారాలు అత్తది. ఆమె అక్క పినాకిని ఏటికి అవతల ఊళ్ళో ఉంటుంది. చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డు ఉంది, కానీ మా వైపు ఏటిలో నీళ్ళు ఉండేది తక్కువ, ఇసుక, రాళ్ళే ఎక్కువ. ట్రాక్టర్లు నడిచిన దారి ఏటి మధ్య నుంచే పోతుంది. అందరూ అట్లే వెళతారు. ఉగాదికి ముందు ఒక ఆదివారం మేం ముగ్గురం అట్లే వెళ్ళాం. మా ఆయన నడుపుతున్నాడు. ఏటి నడుమ కారు కడుపుకి ఒక రాయి తగిలింది. పెద్ద గిన్నె బోర్లించి మీద గుద్దినట్టు మోగింది.

"తగిలె" అంది అత్త.

"ఏం కాలేదు" అన్నాడు మా ఆయన.

దిగి చూశాడు. వంగి చూస్తే ఏమీ కనిపించలేదు. కారు పోయింది, వచ్చింది. తర్వాత ఎండాకాలమంతా, వానాకాలమంతా ఏ లోటూ లేకుండా తిరిగింది. ఆ సంగతి మర్చిపోయామని కూడా చెప్పలేను, గుర్తుపెట్టుకోవాల్సినంత విషయం కాలేదు, అంతే.

దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం, కళ్ళ డాక్టరు దగ్గర నుంచి అత్తను తీసుకొని ఇంటికి వస్తున్నాను. చార్జింగు సగానికి పైనే ఉంది. వెంకటమ్మనహళ్లి దగ్గరకొచ్చేసరికి తెర మీద అంకె దిగడం మొదలైంది. బావిలోకి చేద వదిలినట్టు దిగింది. తర్వాత అంకె పక్కన ఒక పసుప్పచ్చ బొమ్మ వెలిగింది.

"అత్తా, ఏందో బొమ్మ వచ్చె."

"ఏం బొమ్మ?"

"తాబేలు."

ఆమె కళ్ళజోడు సవరించుకొని ముందుకు వంగింది. "అవునుమ్మే, తాబేలే. దాన్ని యాడ దాచినారు ఇన్ని దినాలు?"

"బండి నిదానం అయితాదని దానికి అర్థం అంట."

"నిదానంగా పోయేది మంచిదే గదా."

కారు ఆ మంచిపనిని కొంతదూరం చేసి, ఒక బీడీ అంగడి ముందు పూర్తిగా ఆగిపోయింది. అదే వేళకు గొర్రెల మంద ఒకటి ఇళ్ళకు మళ్ళి వస్తోంది. మంద మా కారును రెండు పక్కలా తోసుకుంటూ వెళ్ళింది. గొర్రెలాయన కిటికీ దగ్గర ఆగాడు.

"డీజిలు అయిపాయెనా?"

"డీజిలు లేదప్పా దీనికి. కరెంటు బండి" అంది అత్త.

అతను కారును చూశాడు. అక్కడి నుంచి కొండ అంచు దాకా పరుచుకొని సాయంత్రం ఎండకు మెరుస్తున్న సోలార్ పలకలను చూశాడు. మళ్ళీ కారును చూశాడు. ఏమీ అనకుండా మంద వెనక వెళ్ళిపోయాడు. అతను ఏదైనా అనుంటే బాగుండేది.

ఆ రాత్రి ఊళ్ళోవాళ్ళ ట్రాక్టరుతో కారును ఇంటికి చేర్చుకున్నాం. మరుసటి రోజు కంపెనీ పంపిన లారీ వచ్చి కారును వీపు మీద ఎక్కించుకొని తుమకూరుకు పోయింది. అప్పటికే అత్త కారు ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. ఎదురింటామె కొన్నాళ్ళుగా కారును అదేపనిగా చూస్తోందని ఆమె అనుమానం. లారీ మీద కారు ఊరేగింపు దేవుడిలా వెళుతుంటే ఎదురింటామె నిజంగానే కంట నీళ్ళు పెట్టుకుంది. అత్త అది చూసి అనుమానం తీసేసుకుంది, నిమ్మకాయ మాత్రం ఉంచింది.

సర్వీసు సెంటరు వాళ్ళు కారు ఎవరి పేరున ఉందో వాళ్ళే రావాలన్నారు. ముగ్గురం బాడుగ కారు మాట్లాడుకొని వెళ్ళాం, తర్వాత వెళ్ళినప్పుడల్లా అట్లే. మాకు దొరికిన సర్వీసు అడ్వైజరు మధుగిరి వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు. మెడలో టై, చేతిలో ట్యాబు. ట్యాబులో కారు కింది భాగం ఫోటోలు చూపించాడు. బ్యాటరీ కారు కింద పరుపులాగా పరుచుకొని ఉంటుందట. ముందు వైపు ఎడమ మూలలో, అరచేయి పట్టేంత గుంత కనిపించింది.

"అమ్మా, కింద ఏమన్నా తగిలిందా?" అని అడిగాడు.

"మాకు తెలిసినంత వరకు..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"తగిలింది. ఏట్లో రాయి. ఉగాదికి ముందు" అంది అత్త.

అడ్వైజరు వేళ్ళు ట్యాబు మీద కదిలాయి. అతను రాసుకోవడం చూసి అత్త ఇంకొంచెం సాయం చేయాలనుకుంది. "మా ఊర్లల్లో రాయి కాకపోతే ఏం తగులుతాదప్పా, పూలు తగులుతాయా?" అంది. అతను అది కూడా రాసుకున్నాడేమో తెలియదు.

తర్వాత అతను గొంతు తగ్గించి, బయటి దెబ్బ వల్ల పాడైతే వారంటీ రాదని చెప్పాడు. నేను చదవని రెండు పేజీల్లో ఆ మాట ఉందని వేలు పెట్టి చూపించాడు. బ్యాటరీ మొత్తం మార్చాలి, ఇన్సూరెన్సు దగ్గరకు వెళ్ళండి అని, అంచనా ఖర్చు కాగితం తెచ్చి అత్త ముందు పెట్టాడు. కారు ధరలో సగం దాటింది. మా ఆయన లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు.

"ఇది బ్యాటరీ ధరనా?" అని అడిగింది అత్త.

"బ్యాటరీదేనమ్మా."

"అయితే మిగిలిన కారంతా మీరు ఊరికే ఇచ్చినట్ల."

అడ్వైజరు నవ్వాలో వద్దో తెలియక మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గోడ మీద కారు బొమ్మను చూస్తున్నాడు. అందులో ఒక కుటుంబం సముద్రం ఒడ్డున నవ్వుతోంది.

ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చే రోజున మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా ఆయన దారి పొడుగునా తల్లికి నచ్చజెప్పాడు. రాయి పోయిన వారమే తగిలిందని చెబితే పని అయిపోతుందని ఏజెంటు ఫోన్లో చెప్పాడట. "నువ్వేం మాట్లాడద్దు, అంతా నేను చూసుకుంటా" అని కొరటగెరె దగ్గర ఒకసారి, తుమకూరు ఊరు మొదట్లో ఒకసారి చెప్పాడు. అత్త రెండుసార్లూ "సరే" అంది.

సర్వేయరు నెరిసిన జుట్టు ఆయన. మోకాళ్ళ మీద కూర్చొని టార్చిలైటు వేసి గుంతను చూశాడు, వేలితో తడిమాడు. గుంతలో మట్టి గట్టిపడి, అంచున తుప్పు పట్టి ఉంది. ఆయన లేచి మా ఆయనను అడగలేదు. కాగితం చూసి, "వోనరు మీరేనామ్మా? ఎప్పుడు తగిలింది?" అన్నాడు.

అత్త కొడుకు వైపు చూసింది. ఆమె అన్న మాట తప్పలేదు, అడిగేదాకా మాట్లాడలేదు. "ఉగాదికి ముందు" అంది.

సర్వేయరు టార్చి ఆర్పాడు. "అప్పుడే చెప్పాల్సింది గదమ్మా."

"అప్పుడు బండి బాగుండె. బాగుండేదాన్ని తెచ్చి మీకేమని చూపించాల?"

ఆయన తల ఊపాడు. ఆమె అన్నది సరేననీ, కానీ ఇన్ని నెలల తర్వాత చెబితే క్లెయిము నిలవదనీ, పైగా బ్యాటరీ లోపలి లోపమైతే అది కంపెనీ చూసుకోవాల్సిందనీ చెప్పి, మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళాడు. అలా కంపెనీవాళ్ళు ఇన్సూరెన్సు వైపు, ఇన్సూరెన్సువాళ్ళు కంపెనీ వైపు చూపించారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరి దగ్గరా అచ్చు వేసిన నిబంధనలున్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ జరిగింది. మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. అన్నం ముందు కూర్చొని, తినకుండా మాట్లాడాడు.

"అబద్ధం చెప్పమని నేను చెప్పడంల్యా. గుర్తులేదు అంటే అయిపాయ గదా. నీ వయసుకు ఎవురైనా నమ్ముతారు."

"గుర్తుండాది గదరా."

"గుర్తున్నా, లేదనొచ్చు."

"దాన్నే గదా అబద్ధం అంటారు."

"అంత దుడ్డు ఎవురు కడతారమ్మా?"

"నేను చెప్పకుంటే ఆ గుంత పోతాదా? ఆయప్ప లైటు వేసుకొని చూడనే చూస్తాండాడు."

మా ఆయన నావైపు చూశాడు. నేను ముద్దలోకి పులుసు పోస్తూ ఎవరి పక్షానా లేనట్టు ఉన్నాను. నిజానికి ఆ పూట నేను ఆయన పక్షమే. మర్నాడు పొద్దున రెండు బస్సులు మారి బడికి వెళ్ళాల్సింది నేను.

ఆ బస్సుల్లో కూర్చొని ఆలోచించి, కంపెనీ పెద్ద ఆఫీసుకు ఇంగ్లీషులో ఒక ఈమెయిలు తయారుచేశాను. పొడుగ్గా, గౌరవంగా రాశాను. పంపే ముందు, కారు ఆమెది కాబట్టి, తెలుగులో చెప్పి వినిపించాను. "దెబ్బకు కారణం మాకు తెలియదు" అన్న చోట అత్త చేయెత్తింది.

"నీకు తెలీదామ్మే? వెనక సీట్లో ఉంటివి గదా."

"అట్ల రాస్తేనే పని అవుతాది అత్తా."

"అది తీసెయ్. నేను చెప్తా, రాయి."

ఆమె చేటలో రాగులు చెరుగుతూ చెప్పింది. నేను రాసుకున్నాను. "రాయి తగిలింది నిజమే. తగిలినాంక బండి శానా దినాలు బాగా తిరిగింది. రోగం రాయి వల్ల వచ్చిందా, దానంతట అదే వచ్చిందా మాకు తెలీదు. మీకూ తెలీదు. విప్పి చూడండి."

ఇంకేమైనా రాయాలా అంటే, "ఇంగేముండాది?" అంది. నేను ఆ నాలుగు మాటలనూ ఇంగ్లీషులోకి మార్చి పంపాను. నేను అనుకున్న గౌరవ వాక్యాలకు అందులో చోటు లేకపోయింది.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన జవాబు ఏమంటే, బ్యాటరీని విప్పి చూస్తారు, కానీ లోపం బయటి దెబ్బ వల్లనే అని తేలితే విప్పిన కూలి మేమే ఇచ్చుకోవాలి. విప్పిన బ్యాటరీని మళ్ళీ బిగించి వాడుకోవడం కుదరకపోవచ్చు. ఒప్పుకుంటూ సొంతదారు సంతకం పెట్టాలి. మా ఆయన వద్దన్నాడు. ఆగిపోయిన కారైనా సెకండ్‌హ్యాండు ధరకు ఎవరో ఒకరు కొంటారు, విప్పదీసిన కారును ఎవరు కొంటారని ఆయన వాదన. అది నాకూ సరిగ్గానే తోచింది.

"కడుపులో ఏముందో తెలియని బర్రెను అమ్మితే కొన్నోడు మనింటికే వస్తాడు" అని అత్త నన్ను తోడు తీసుకొని తుమకూరుకు బయలుదేరింది. అడ్వైజరు టేబుల్ మీద కాగితం పెట్టుకొని, ఒక్కో అక్షరం ముందు ఆగి, దాన్ని మనసులో చూసుకొని, ఆ తర్వాత వేస్తూ సంతకం చేసింది. వెనక ఇద్దరు ముగ్గురు కారువాళ్ళు వేచి ఉన్నారు. ఆ అడ్వైజరు ఆమెను త్వరపెట్టలేదు. అతని మీద నాకు మంచి అభిప్రాయం ఏర్పడింది అప్పుడే.

విప్పడానికి బెంగళూరు నుంచి ఇంజినీరు రావాలన్నారు. ఆ రోజు వచ్చేసరికి చలికాలం వచ్చేసింది. ఈలోగా మా ఇంట్లో బతుకు కారుకు ముందు ఉన్నట్టు తయారైంది, ఒక్క తేడాతో. అంతకుముందు అత్త తిట్టుకుంటూ అయినా బస్సు ఎక్కేది. ఇప్పుడు ఎక్కలేదు. అవతలి ఊళ్ళో అక్కకు జ్వరం వచ్చిందని ఫోను వస్తే, ఫోన్లోనే మాట్లాడింది. "నీళ్ళు కాంచుకొని తాగు. వస్తా, బండి రానీ" అంది. ఫోను పెట్టేసి షెడ్డు దగ్గరకు వెళ్ళింది. అక్కడ కారుకు బదులు కోళ్ళు ఉన్నాయి. గోడకు చార్జింగు వైరు చుట్టి వేలాడుతోంది. ఆమె స్విచ్చు ఆపి ఉందో లేదో చూసి వచ్చింది. ఆ స్విచ్చు ఎప్పుడో ఆపేశాం. అయినా ఆమె రోజూ చూసేది. ఫోను వచ్చిన మూడో రోజు మా ఆయన అంగడి తెరవకుండా ఆమెను మోపెడ్ మీద కూర్చోబెట్టుకొని, చుట్టు రోడ్డున అక్క ఊరికి తీసుకెళ్ళాడు. వచ్చాక ఇద్దరూ నడుములు పట్టుకొని అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. బ్యాటరీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంజినీరు మేం అనుకున్నట్టు మగమనిషి కాదు. ముప్పై ఏళ్ళ అమ్మాయి, మోచేతుల దాకా లావు రబ్బరు గ్లౌజులు. బ్యాటరీని కారు నుంచి దించి ఇనుప బల్ల మీద పెట్టి మూత తీశారు. చుట్టూ పసుప్పచ్చ పట్టీ కట్టి దాటొద్దన్నారు. అత్త చూస్తానంటే, పట్టీ అంచు దాకా కుర్చీ వేయించింది ఆ అమ్మాయి. లోపల ఇటుకలు పేర్చినట్టు ముక్కలు ముక్కలుగా ఉంది. ఇంత ఖరీదైన వస్తువు ఇంకొంచెం అందంగా ఉంటుందని నేను అనుకున్నాను.

ఆ అమ్మాయి కన్నడంలో చెప్పింది, అత్తకు తిన్నగా. గుంత పడింది ముందు ఎడమ మూల. అక్కడ కింది రేకు వంగింది గానీ చిల్లు పడలేదు, లోపలికి తడి పోలేదు, ఆ పక్క ముక్కలన్నీ బాగున్నాయి. చెడిపోయింది వెనక వరసలో, కుడి చివర ఉన్న ఒక ముక్క. దానికీ రాయికీ సంబంధం లేదు. అది తయారైనప్పటి నుంచే బలహీనమైనది అయి ఉండొచ్చు. బ్యాటరీ అంతా మార్చాల్సిన పని కూడా లేదు.

అత్త రెండు మూలలనూ వేలితో చూపిస్తూ మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. మా ఆయన పైకప్పు రేకులను పరీక్షగా చూశాడు.

ముక్క మార్చడం వారంటీ కిందికి వచ్చింది. విప్పిన కూలి కూడా వాళ్ళదే. కానీ వంగిన కింది రేకును అలాగే బిగించడానికి వీల్లేదనీ, అది కొత్తది వేయాలనీ, అది మాత్రం మా ఖర్చేననీ అడ్వైజరు చెప్పాడు. రేకు అంటే రేకు ధర కాదు. ఆ మొత్తానికి మా వైపు ఒక మంచి పాడి ఆవు వస్తుంది. అప్పటిదాకా తగ్గి ఉన్న మా ఆయనకు ఇప్పుడు బలం వచ్చింది.

"తప్పు మీది అని మీరే తేల్చిరి. ఇన్ని నెలలు బండి లేకుండా చేస్తిరి. అంతా మీరే పెట్టుకోవాల. లేదంటే కోర్టుకు పోతాం" అన్నాడు. గొంతు పెంచని మనిషి గొంతు పెంచాడు. కాచుకొని కూర్చున్నవాళ్ళు అటే చూశారు.

"ఊరికుండురా" అంది అత్త. "దెబ్బ మనది, రోగం వాళ్లది. మనదానికి మనం ఇద్దాం."

మా ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆయన ముఖం చూసి నాకు జాలేసింది. ఒక మనిషి ఎన్నాళ్ళో ఓడిపోయి, గెలిచే సమయానికి గెలవొద్దన్నట్టయింది. ఆ ఏడు ఇంటికి కాంపౌండు గోడ కట్టాలనుకున్నాం. అది ఆగింది. ఇప్పటికీ మూడు పక్కలే గోడ ఉంది.

ముక్క ఫ్యాక్టరీ నుంచి రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. కారు తీసుకోవడానికి వెళ్ళిన రోజున అత్త ఒకటే అడిగింది, కొత్త ముక్కకు మళ్ళీ ఎనిమిదేండ్లా అని. కాదనీ, కారు కొన్నప్పటి నుంచి లెక్క, మిగిలినవే వస్తాయనీ అడ్వైజరు చెప్పాడు.

"కొత్త దూడ కొట్టంలోకి వస్తే పాత ఆవు వయసు వేస్తారాప్పా?"

"కంపెనీ రూలమ్మా."

"సరే" అని అత్త సంతకం పెట్టింది. వెళ్ళేటప్పుడు అతని ఇంట్లో పిల్లలెంతమందో అడిగి తెలుసుకుంది.

తిరుగు దారిలో మధుగిరి దాటేసరికి ఆమె ముందు సీట్లో నిద్రపోయింది. మా ఆయన నడుపుతూ, నాకు మాత్రమే వినిపించేలా మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదటి రోజే గుర్తులేదని ఉంటే, వాళ్ళు వెంటనే వారంటీలో కొత్త బ్యాటరీ వేసి ఉండేవాళ్ళు, ఇన్ని నెలలు పోయేవి కావు అన్నాడు. నేను ఊఁ అన్నాను. కొంతదూరం పోయాక, గుర్తులేదని ఉంటే అసలు నమ్మేవాళ్ళు కాదు, ఎవరూ విప్పి ఉండరు, సగం కారు ధర పోయేది అన్నాడు. దానికీ ఊఁ అన్నాను. పావగడ కోట కనిపించేదాకా ఆయన అటు ఒకసారి, ఇటు ఒకసారి వాదించాడు. ఏది నిజమో ఆయనకూ తేలలేదు, నాకూ తేలలేదు. అత్తను అడిగితే చెప్పేదేమో. నిద్ర లేపబుద్ధి కాలేదు.

కారు మళ్ళీ తిరుగుతోంది. కొన్న కొత్తలో వెళ్ళినంత దూరం వెళ్ళదు గానీ, బడికి వెళ్ళి రావడానికి సరిపోతుంది. తాబేలు మళ్ళీ కనిపించలేదు.

ఈమధ్య మా వీధిలో ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన కరెంటు స్కూటరు బ్యాటరీ ఉబ్బిపోయిందట, షాపువాళ్ళు వారంటీ లేదంటున్నారట. అత్త తోడు వస్తే పని అవుతుందని ఊళ్ళో ఎవరో చెప్పారు. అత్తలో ఏదో శక్తి ఉన్నట్టు ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఏం చేసినావు దానికి?" అని అడిగింది అత్త.

"ఏం చేయలేదు పెద్దమ్మా."

"ఏం చేయలేదా?"

ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. "చార్జరు కాలిపాయె. మా బామ్మర్ది స్కూటరుది ఒకటి ఉంటే దాంతో పెట్టినా. నాలుగైదు దినాలే."

"ఆ చార్జరు కూడా తీసుకొని రా. పోదాం."

"అది చూపిస్తే వారంటీ రాదు పెద్దమ్మా."

"రాకపోతే రాదు. ఏం వస్తాదో చూద్దాం రా."

ఆయన మళ్ళీ రాడని నేనూ మా ఆయనా అనుకున్నాం. మర్నాడు పొద్దున ఇంటి ముందు చేతిసంచితో నిలబడి ఉన్నాడు. నాకు బడి ఉంది కాబట్టి మా ఆయనే వాళ్ళిద్దరినీ తీసుకెళ్ళాడు. సాయంత్రం వచ్చాక ఏమైందని అడిగాను. సగం షాపువాళ్ళు, సగం స్కూటరాయన పెట్టుకునేట్టు ఒప్పందం అయిందని మా ఆయన చెప్పాడు. అత్త అప్పటికే కాళ్ళు కడుక్కొని, మంచం మీద కూర్చొని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"బాగానే మాట్లాడినారు పాపం. కాఫీలో మాత్రం చక్కెర జాస్తి" అంది.